వడగాలి రోజు వేరు, ఉక్కపోత రోజు వేరు: బెజవాడ ఎండల్లో మా పెరటి కోళ్ళు

మా ఇల్లు విజయవాడ గుణదలలో, కొండను ఆనుకుని ఉన్న వీధిలో. పగలంతా కాగిన బండ రాత్రి పదకొండు దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది. ఏప్రిల్ చివరి నుంచి తొలకరి పడేదాకా ఈ వీధిలో ఎవరో ఒకరి ఇంట్లో కోడి పడిపోయిందన్న మాట వినపడుతూనే ఉంటుంది. పొద్దున చక్కగా తిరిగిన కోడి మధ్యాహ్నం మూడింటికి మెడ వాల్చేస్తే "ఏదో తెగులు తగిలింది" అనుకుంటారు. మే నెలలో చాలాసార్లు అది తెగులు కాదు, వడదెబ్బ. సమయానికి చూస్తే బతికించుకోవచ్చు. ముందే జాగ్రత్తపడితే అంతదాకా రానివ్వకుండా చూసుకోవచ్చు. ఒక ఎండాకాలమంతా దీని వెంటపడి తెలుసుకున్నది, ఆ తర్వాతి ఏడు చేసి చూసింది రాస్తున్నాను. నాలుగు కోళ్ళున్న ఇంటికైనా పనికొస్తే నాకు సంతోషం.

మా దగ్గర ఉన్నవి పదికి అటూ ఇటూ. ఎక్కువ నాటు పెట్టలే. రెండు గ్రామప్రియ పెట్టలు, ఒక వనరాజా పుంజు కూడా ఉన్నాయి. ఈ రెండు రకాలూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారు చేసినవి. అవి కాక అత్తయ్య తన పుట్టింటి నుంచి మోజుపడి తెచ్చుకున్న డేగ పుంజు ఒకటి. పందేల కోసం కాదు, ఆవిడకు దాని నడక చూడటం ఇష్టం. గూడు పాత పద్ధతిది. ఇటుక గోడలు, పైన సిమెంటు రేకు, ముందు చెక్క పలక. కొండ మీద నుంచి ముంగిసలు దిగుతాయి, పిల్లుల బెడద సరేసరి. రాత్రి పలక బిగించేస్తే నిశ్చింత. వానాకాలం, చలికాలం ఆ గూడుతో ఏ ఇబ్బందీ రాలేదు.

ఎండ సంగతి ముందు గుడ్లలో తెలిసింది. ఏప్రిల్‌లో పెంకు పలచబడింది. గూట్లోంచి తీస్తుంటేనే వేళ్ళ మధ్య చిట్లేవి. తర్వాత గ్రామప్రియ పెట్ట తోలుగుడ్డు పెట్టింది. పెంకు లేదు, పలచటి పొర లోపల సొన అటూ ఇటూ కదులుతూ కనపడుతోంది. సున్నం తక్కువైందని చూసినవాళ్ళంతా అన్నారు. ఆల్చిప్పల గుల్ల, ఎండబెట్టి దంచిన గుడ్డు పెంకులు ఎప్పుడూ ఒక చిప్పలో విడిగా ఉంటాయి, కోళ్ళు వాటిని తింటున్నాయి కూడా. అయినా పెంకు గట్టిపడలేదు.

పశువుల ఆసుపత్రికి వెళ్తే డాక్టరుగారు ముందు మేత గురించి అడగలేదు. "మధ్యాహ్నం పూట నోరు తెరిచి రొప్పుతున్నాయా అమ్మా?" అన్నారు. రొప్పుతున్నాయన్నాను. అప్పుడు ఆయన కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. కోడికి చెమట పట్టదు. దాని ఒంట్లో వేడి మామూలుగానే 41, 42 డిగ్రీలు. తల మీది ఎర్ర జుట్టు, గొంతు కింద వేలాడే తమ్మెలు, ఈకల్లేని కాళ్ళు, రెక్కల అడుగు చర్మం, వీటిలోకి రక్తం ఎక్కువగా పంపి వేడి వదిలించుకుంటుంది. ఎండలో రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి నిలబడేది అందుకే. బయటి గాలి కూడా నలభైకి దగ్గరపడితే ఇక ఆ దారిన వేడి పోదు. అప్పుడు మిగిలేది నోరొక్కటే. నిమిషానికి పాతిక, ముప్ఫై సార్లు ఊపిరి తీసే కోడి నూట యాభై దాటి రొప్పుతుంది. గొంతులోని తడి ఆవిరైపోతూ వేడిని తీసుకుపోతుంది. కానీ అలా గంటల తరబడి రొప్పితే రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ అతిగా పోతుంది, రక్తం గుణం మారుతుంది, పెంకు కట్టడానికి కావలసిన కాల్షియం పెంకు దాకా చేరదు.

"మీరు గుల్ల ఎంత పెట్టినా, ఆ రొప్పు తగ్గితే గానీ పెంకు రాదమ్మా" అన్నారాయన. ఆ మాటతో నాకు దారి దొరికింది. అక్కడి నుంచి చిప్పలో ఏం వేస్తున్నానన్నది కాక, కోడి ఎన్నింటికి నోరు తెరుస్తోంది, ఎన్నింటికి మూస్తోంది అన్నది చూడటం మొదలుపెట్టాను.

పడిపోయిన కోడిని లేపడం ఎలాగో నల్ల పెట్ట దగ్గర తెలిసింది. ఎండాకాలం కోడిని పొదగ వెయ్యడం మా వైపు ఎవరూ చెయ్యరు. గుడ్లు మురిగిపోతాయి, పెట్ట నీరసించిపోతుంది. ఇది మాత్రం తనంతట తానే పెరటి మూలన పేర్చిన ఇటుకల వెనక గుడ్లు పెట్టుకుని కూర్చుంది. పొదుగు మీదున్న కోడి రోజుకు ఒకసారి లేచి, గబగబా నాలుగు గింజలు ఏరుకుని, నీళ్ళు తాగి మళ్ళీ గుడ్ల మీదికే పోతుంది. నెత్తి మీద ఎంత సెగ ఉన్నా లేవదు. అందుకే మే నెలలో అన్నిటికన్నా ముందు దెబ్బతినేది అలాంటి కోడే. మిగతావి ఎండ పెరిగితే నీడకైనా పోతాయి.

ఆ రోజు పొద్దున్నే ఫోన్‌కు వడగాలుల హెచ్చరిక వచ్చింది. రెండు దాటాక పెరట్లో చూస్తే కోళ్ళన్నీ జామచెట్టు కింద చేరి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. నల్ల పెట్ట లేదు. ఇటుకల సందులోకి వంగి చూశాను. మెడ ముందుకు చాచి, ముక్కు నేలకు ఆనించి పడుంది. కళ్ళు సగం మూత పడ్డాయి. నోరు తెరిచే ఉంది గానీ రొప్పడం లేదు. ఉండుండి గొంతు కింద చర్మం ఒకసారి అదిరేది, అంతే. ఎర్రగా ఉండే జుట్టు ముదురు ఊదా రంగుకు తిరిగింది. ఎత్తుకుంటే మెడ చేతిలో వాలిపోయింది. రెక్క కింద వేళ్ళు పెడితే చర్మం కాలిపోతోంది. రొప్పే కోడి ఇంకా వేడితో పోరాడుతోందని అర్థం. రొప్పు ఆగి మెత్తబడిందంటే నిమిషాల్లో పని జరగాలి. ఒంటి వేడి 46 డిగ్రీల దాకా పోతే ఇక బతకడం కష్టమని డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు.

అత్తయ్య పంపు తిప్పబోతే వద్దన్నాను. డాబా మీద ట్యాంకులో నీళ్ళు ఆ వేళకు సలసల కాగుతుంటాయి. వంటింట్లో కుండ తెచ్చి బేసిన్‌లో వంచాం. మా అబ్బాయి ఐస్ ముక్కలు తెస్తానని ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తాడు. ఐస్ కూడా వద్దు. మంచులాంటి నీళ్ళు తగిలితే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోతాయి, లోపలి వేడి లోపలే ఉండిపోతుంది, పైగా ఒక్కసారిగా షాక్ తగులుతుంది. చెయ్యి ముంచితే హాయిగా అనిపించేంత చల్లదనం చాలు.

చాలామంది కంగారులో కోడి వీపు మీద చెంబుతో నీళ్ళు కుమ్మరిస్తారు. వీపు మీది ఈకలకు నూనె పూత ఉంటుంది, నీళ్ళు జారిపోతాయే గానీ చర్మానికి తగలవు. తడవాల్సింది ఈకలు లేని చోట్లు, పలచగా ఉన్న చోట్లు. నల్ల పెట్టను కాళ్ళు, పొట్ట, రొమ్ము అడుగు మునిగేలా బేసిన్‌లో నిలిపి, ఒక చేత్తో రొమ్ము కింద పట్టుకున్నాను. తల వాలి ముక్కు నీళ్ళలో పడకుండా చూపుడు వేలు గడ్డం కింద ఆనించాను. రెండో చేత్తో తడిగుడ్డ తీసుకుని జుట్టు, తమ్మెలు, రెక్కల అడుగు తుడుస్తూ ఉన్నాను. అప్పుడు కరెంటు లేదు. అత్తయ్య తాటాకు విసనకర్ర తీసుకుని ఆపకుండా విసిరింది. ఆ విసరడమే సగం వైద్యం. తడి ఉండి గాలి లేకపోతే ఆ తడి వేడిని తీసుకుపోలేదు.

కాసేపటికి కోడి కాలివేళ్ళు నా అరచేతిని పట్టుకున్నాయి. ఇంకాసేపటికి రొప్పడం మొదలుపెట్టింది. "అయ్యో, మళ్ళీ రొప్పుతోందే అమ్మాయ్!" అని అత్తయ్య కంగారుపడింది. అది మంచి గుర్తు అత్తయ్యా అన్నాను. ఆగిపోయిన పని ఒళ్ళు మళ్ళీ మొదలుపెట్టిందన్నమాట. నీళ్ళ లోంచి తీసి, తడి పిండకుండానే వంటింటి గచ్చు మీద, చీకటిగా ఉన్న మూలన పడుకోబెట్టాం.

అప్పుడు తాగించే నీళ్ళు. లీటరు మంచినీళ్ళకు పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా, ఒక చెంచా పంచదార. సీసాతో నోట్లో పోయకూడదు. తెలివి పూర్తిగా రాని కోడికి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వేలు ముంచి ముక్కు పక్కన ఒక్క చుక్క పెట్టాను. నాలుక కదిలింది, మింగింది. మింగాకే రెండో చుక్క. సాయంత్రానికి తనంతట తానే చిప్పలో ముక్కు పెట్టి, తల పైకెత్తి మింగింది. ఈ ఉప్పు సోడా నీళ్ళు దెబ్బ తగిలిన పూట, ఆ మర్నాడు కొన్ని గంటలు ఇస్తే చాలు. పక్కనే మామూలు నీళ్ళు ఉండి తీరాలి. రోజుల తరబడి ఇవే పెడితే ఉప్పు ఎక్కువై విరేచనాలు పట్టుకుంటాయి.

గుడ్లు అప్పటికే మురిగాయి. నల్ల పెట్ట మాత్రం లేవగలిగిన మరుక్షణం ఇటుకల వైపే నడిచింది. అందుకని అడుగున జాలీ ఉన్న పెట్టెలో, నేలకు జానెడు ఎత్తున, నీడలో ఉంచాం. పొట్ట కింద గాలి ఆడితే పొదుగు బుద్ధి తగ్గుతుంది. దానికి కొద్ది రోజులు పట్టింది గానీ మళ్ళీ అందరితో తిరిగింది. గుడ్లకు రావడం మాత్రం వానలు పడ్డాకే.

ఇప్పటిదాకా చెప్పింది ఏ పశువుల డాక్టరైనా చెప్పేదే. మా ఊరికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది, అది ఎవరూ చెప్పగా విన్నది కాదు, పెరట్లో చూసి తెలుసుకున్నది. బెజవాడ ఎండాకాలంలో రెండు రకాల రోజులుంటాయి. పడమటి గాలి కొట్టే రోజు ఒక రకం. నాలుక పిడచకట్టుకుపోతుంది, మొహానికి సెగ కొడుతుంది, థర్మామీటర్ 44, 45 చూపిస్తుంది. సముద్రం వైపు నుంచి గాలి తిరిగిన రోజు ఇంకో రకం. మచిలీపట్నం ఇక్కడికి డెబ్భై కిలోమీటర్ల దూరం. పక్కనే కృష్ణ, ఊళ్ళోంచి పోయే మూడు కాలవలు. ఆ రోజు థర్మామీటర్ 37, 38 దగ్గరే ఉంటుంది గానీ ఒళ్ళంతా జిడ్డు, ఊపిరాడదు. జనం ఎండ తగ్గిందనుకుంటారు. కోళ్ళు మాత్రం ఆ రోజే ఇంకా తొందరగా నోళ్ళు తెరిచేవి.

కారణం అర్థమయ్యాక అన్నీ చక్కబడ్డాయి. కోడి చల్లబడేది గొంతులోని తడి ఆవిరైతేనే కదా. గాలిలో అప్పటికే నిండా తడి ఉంటే ఆ తడి ఎక్కడికి పోతుంది? అందుకని పడమటి గాలి రోజున గూటికి పడమటి వైపు తడి గోనెసంచులు వేలాడదీస్తాం. గాలి వాటిలోంచి వచ్చేటప్పుడు చల్లబడుతుంది. గూట్లో కోడి ఎత్తున కట్టిన థర్మామీటర్ నాలుగైదు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. అప్పుడు కూడా నాలుగు వైపులా సంచులు కట్టం. గాలి వచ్చే వైపు తడి, ఎదుటి వైపు పూర్తిగా తెరిచి. ఉక్కపోత రోజున సంచులు తీసేస్తాం, గూట్లో చుక్క నీరు చల్లం. టేబుల్ ఫ్యాన్ పెడతాం, కాళ్ళు తడుపుకోవడానికి వెడల్పాటి పళ్ళెంలో రెండంగుళాల నీళ్ళు ఉంచుతాం. ఆ రోజుల్లో గూట్లో నీళ్ళు చల్లితే కోడి ఊపిరి మీద ఇంకా బరువు పెట్టినట్టే. మా వీధిలో తడి గోనెలు కట్టి కూడా కోళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు శ్రద్ధ పెట్టలేదని కాదు, రోజూ ఒకటే పద్ధతి పెట్టారు.

ఏ రోజు ఏదో తేల్చుకోవడానికి పొద్దున ఒక తడి తువ్వాలు తీగ మీద వేస్తాను. టిఫిన్లు అయ్యేసరికి పెళపెళలాడుతూ ఆరిపోతే గోనెలు తడుపుతాం. ఇంకా చెమ్మగా వేలాడుతుంటే ఫ్యాన్ తీస్తాం.

గూడు విషయానికి వస్తే, అసలు ముప్పు రాత్రిపూటే ఎక్కువని థర్మామీటర్ చూశాక నమ్మాను. రాత్రి పదింటికి పెరట్లో 32 ఉంటే, పలక బిగించిన గూట్లో 36. కొండ సెగ, రేకు సెగ, ఇటుక గోడల సెగ, వాటికి తోడు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్న కోళ్ళ ఒంటి వేడి. పగలంతా రొప్పిన కోడికి రాత్రి తేరుకునే వీలు లేకపోతే మర్నాడు పదకొండింటికే పడిపోతుంది. చెక్క పలక తీసేసి ఇనుప జాలీ తలుపు పెట్టించాం. వెనక గోడలో పైన రెండు వరసల ఇటుకలు తీసి అక్కడా జాలీ కొట్టాం. కంత అరంగుళం మించకూడదు. పెద్ద కంతల జాలీలోంచి ముంగిస పిల్ల దూరుతుంది, పాము సరే. వేడిగాలి పైనుంచి బయటికి పోతుంటే కింద నుంచి కొత్తగాలి లాక్కుంటుంది. ఈ ఒక్క మార్పుకే రాత్రి గూటి వేడికీ పెరటి వేడికీ తేడా దాదాపు పోయింది.

రేకు మీద సున్నం జిగురు కలిపి రెండు పూతలు వేశాం. దాని మీద కర్రలు అడ్డం పెట్టి, కొబ్బరి మట్టలు మందంగా పరిచి, తాళ్ళతో గట్టిగా కట్టాం. మే నెల గాలివానకు లేచిపోకుండా కట్టడం ముఖ్యం. మట్టలు రేకును అంటుకోకుండా మధ్య కాస్త సందు ఉంటే ఆ సందులో గాలి ఆడి వేడి కిందికి దిగదు. మొదట్లో మధ్యాహ్నం పూట రేకు అడుగున అరచెయ్యి ఆనిస్తే క్షణం ఉంచలేకపోయేదాన్ని. మట్టలు వేశాక చెయ్యి ఆనించి ఉంచగలిగాను. కొత్తగా కట్టుకునేవాళ్ళు గూటి పొడవు తూర్పు పడమరలుగా వచ్చేలా చూసుకోండి, పొద్దుటి ఎండ గానీ సాయంత్రపు ఎండ గానీ నిలువునా లోపలికి కొట్టదు. నేల మీద ఊక రెండంగుళాలకు తగ్గించాం. చలికాలంలో మందంగా పరిచేదే ఎండాకాలంలో వేడి పుట్టిస్తుంది, తడిస్తే ఘాటు వాసన వచ్చి రొప్పే కోడి ఊపిరికి అడ్డం పడుతుంది.

మేత వేళలు మార్చడానికి పైసా ఖర్చు లేదు. తిన్న గింజ అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, అది తిన్న కొన్ని గంటలకు ఎక్కువవుతుంది. పొద్దున తొమ్మిదికి జొన్నలు వేస్తే ఆ వేడి సరిగ్గా మిట్టమధ్యాహ్నం బయటి ఎండతో కలుస్తుంది. అందుకని తెల్లవారకముందే లేచి ఐదింటికి వేస్తాను, మళ్ళీ ఆరు దాటాక. నూకలు, జొన్న, తవుడు ఏదైనా ఆ రెండు పూటలే. మధ్యాహ్నం పుచ్చకాయ తొక్కలు, దోసకాయ ముక్కలు, తోటకూర కాడలు. చద్దన్నం నీళ్ళతో కలిపి పొద్దున్నే పెడతాం గానీ మిగిలింది గంటలో తీసేస్తాం, ఎండకు పులిసి బూజు పడుతుంది.

నీళ్ళ గురించి ఇంకాస్త చెప్పాలి. మామూలు రోజుల్లో కోడి పావు లీటరు తాగితే ఈ రోజుల్లో అరలీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తాగుతుంది. కానీ నీళ్ళు వేడెక్కితే ముక్కు పెట్టి వదిలేస్తుంది. ప్లాస్టిక్ గిన్నెలు తీసేసి మట్టి చిప్పలు పెట్టాం, అవి చెమర్చి నీళ్ళను చల్లగా ఉంచుతాయి. వాటిని నీడ జరిగే కొద్దీ జరుపుతూ ఉంటాను. ఒకచోట చాలదు. డేగ పుంజు చిప్ప దగ్గర నిలబడిందంటే చిన్న పెట్టలు దూరంగా ఆగిపోతాయి, అడగవు, అరవవు, దాహంతో అలాగే నిలబడతాయి. నేను మూడు చోట్ల చిప్పలు పెట్టాక ఆ పెట్టల జుట్టు రంగు మళ్ళీ ఎర్రబడింది. జామచెట్టు కింద మట్టిని కూడా పొద్దున్నే తడుపుతాం. కోళ్ళు అక్కడ గుంట చేసుకుని పొట్ట ఆనించి కూర్చుంటాయి.

మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా వాటిని పట్టుకోవడం, తరమడం, పిల్లలు వెంటపడటం ఏదీ ఉండకూడదు. టీకాలు, పురుగుల మందు కూడా తెల్లవారుజామునే. పరిగెత్తిన కోడి ఒంట్లో పుట్టే వేడిని ఆ వేళ వదిలించుకోలేదు.

మా తమ్ముడు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు, వాడూ పెరట్లో కోళ్ళు పెంచుతున్నాడు. జనవరిలో వీడియో కాల్‌లో తన లెగ్‌హార్న్ పెట్టను చూపించాడు. జుట్టు కొసలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. "మంచు కొట్టేసింది అక్కా" అన్నాడు. అక్కడ సున్నాకు పాతిక డిగ్రీలు కిందికి పోతుంది. ఎండలో వేడిని బయటికి పంపే ఆ పెద్ద జుట్టే చలిలో ముందు గడ్డకడుతుంది. కొసల దాకా రక్తం అందక కండ చచ్చిపోతుంది. దాన్ని రుద్దకూడదట, హీటర్ దగ్గర పెట్టకూడదట. గోరువెచ్చటి నీళ్ళతో నెమ్మదిగా వేడి తగలనివ్వాలి, నల్లబడిన ముక్క కత్తిరించకుండా వదిలేస్తే ఎండి దానంతట అదే రాలిపోతుంది. కాలివేళ్ళకు దెబ్బ తగలకుండా వాడు వెడల్పాటి చెక్క దూలం పెట్టాడు. కోడి దాని మీద కూర్చుంటే వేళ్ళు పొట్ట ఈకల కింద దాక్కుంటాయి.

వాడు చెప్పినదాంట్లో నన్ను ఆలోచనలో పడేసింది ఒకటుంది. వెచ్చగా ఉండాలని గూడు గాలి చొరకుండా మూసేస్తే, కోళ్ళ ఊపిరిలోని తడి, రెట్టల్లోని తడి లోపలే నిలిచిపోయి జుట్టు మీద చేరి, చలికి అదే గడ్డకడుతుందట. అందుకని అంత చలిలోనూ గూటికి పైన గాలి కంతలు ఉంచుతారు. ఇక్కడ మేము రాత్రి పలక తీసేసింది వేడిగాలి నిలవకూడదని, అక్కడ వాళ్ళు కంతలు ఉంచేది తడిగాలి నిలవకూడదని. మా డేగ పుంజును చూసి వాడు "అది ఇక్కడుంటే దానికి ఏమీ కాదు అక్కా, జుట్టు లేనే లేదు" అన్నాడు. నిజమే, డేగ లాంటి పందెం జాతి పుంజులకు జుట్టు చిన్న గింజంత, తమ్మెలు దాదాపు ఉండవు. మరి మా ఎండకు ఎలా తట్టుకుంటోందంటే పొడుగాటి కాళ్ళు, ఒంటికి అంటుకున్న పలచటి ఈకలు. బరువైన వనరాజా పుంజే ముందు రొప్పుతుంది.

మన దగ్గర జుట్టు మీద నల్ల మచ్చలు కనపడితే అది మంచు దెబ్బ కాదు. పొక్కులుగా, గరుకుగా ఉంటే మశూచి అయ్యుంటుంది, దోమల వల్ల వస్తుంది, టీకా ఉంది. ఆకుపచ్చ, తెలుపు కలిసిన విరేచనాలు, మెడ మెలి తిరగడం, ఒకదాని తర్వాత ఒకటి వేళాపాళా లేకుండా పడిపోవడం ఉంటే కొక్కెర తెగులును అనుమానించాలి. వడదెబ్బ మధ్యాహ్నాల్లో వస్తుంది, చల్లబరిస్తే అదే పూట మార్పు కనపడుతుంది. ఒక్కసారిగా చాలా కోళ్ళు చచ్చిపోతే మాత్రం ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖవాళ్ళకు చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి అందరికీ గుర్తుంది. అనుమానంగా ఉంటే పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోన్ చేసి అడగొచ్చు.

తర్వాతి ఎండాకాలం ఈ ఏర్పాట్లన్నీ ఏప్రిల్ రాకముందే పూర్తి చేశాం. రోహిణి కార్తెలో కోళ్ళు రొప్పలేదని చెప్పను, రొప్పాయి. కానీ పన్నెండింటికి తెరిచే నోళ్ళు రెండింటికి తెరిచాయి, దీపాలు పెట్టేవేళకు మూసుకున్నాయి. తోలుగుడ్లు రాలేదు, పెంకు కాస్త పలచగా ఉన్నా చేతిలో చిట్లలేదు. ఒక్కటీ పడిపోలేదు. అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది జూన్ మొదటివారం. మబ్బు పట్టి, గాలి స్తంభించి, వాన పడక, తీగ మీద తువ్వాలు మధ్యాహ్నానికి కూడా ఆరని రోజులు. అప్పుడు రాత్రంతా ఫ్యాన్ తిరిగింది. కరెంటు పోయినప్పుడు నేనూ అత్తయ్యా వంతులు వేసుకుని విసనకర్రతో కూర్చున్నాం.

నల్ల పెట్టను ఈ ఏడు ఫిబ్రవరిలోనే పొదగ వేశాం. మార్చి మొదట్లో పిల్లలు దిగాయి, ఎండలు ముదిరే వేళకు వాటికి ఈకలు వచ్చేశాయి. పక్క వీధిలో మెడ మీద ఈకల్లేని బోడిమెడ పుంజు ఒకటుంది, వాళ్ళను అడిగి దాన్ని కొన్నాళ్ళు మా పెరట్లో తిప్పాం. మెడ బోసిగా ఉన్న కోడి వేడిని తొందరగా వదిలించుకుంటుంది, ఆ గుణం పిల్లలకూ వస్తుంది. దిగిన పిల్లల్లో కొన్నిటికి మెడలు బోసిగానే ఉన్నాయి. చూడటానికి బాగోలేవని ఇంటికొచ్చినవాళ్ళు అంటున్నారు. వాటిలో పెట్టలన్నిటినీ ఉంచుకోవాలనే అనుకుంటున్నాం.